అకరణము

నిత్యకర్మల విషయమున మీమాంసకులు చెప్పిన మాట యొకటి వినుటకు మిక్కిలి విచిత్రముగ నుండును. సంధ్యావందనాదులు చేసినవానికి స్వర్గాదిఫలము క్రొత్తగా నేమియు రాదు. చేయనివానికి మాత్రము ప్రత్యవాయమను దోషము తప్పదు. వచ్చునది లేదు, పోవునది కలదు, ఇట్టి బేరమున కెవడు సమ్మతించునని లౌకికుడు నవ్వును. శంకరాచార్యులు తైత్తిరీయభాష్యారంభమున నంతకంటె కఠినమైన ప్రశ్న వేసిరి. చేయకుండుట యను అకరణము అభావము, అభావమునుండి దోషమను భావపదార్థ మెట్లు పుట్టును? ఈ వివాదము పండితసభలలోనే ముగిసిపోయినదని తలచువారు, నడివేసవిలో తిరుత్తంగల్ పట్టణమున, ఒక్క ఔట్‌డోర్ యూనిట్టుతో నాలుగు గదులను చల్లబరచుకొను గృహస్థు నింట నొకదినము గడపవలెను.

తిరుత్తంగల్ శివకాశి నానుకొనియున్న ప్రాచీనమైన ఊరు. 2021లో శివకాశి నగరపాలక సంస్థలో కలిసిపోయినది. 108 దివ్యదేశములలో నొకటియైన నిన్ఱ నారాయణ పెరుమాళ్ కోవెల ఇక్కడి గుట్టమీద నున్నది. లక్ష్మీదేవి తపస్సు చేసిన చోటని స్థలపురాణము. ఈ సీమ నల్లరేగడి నేల. దీనిని నమ్ముకొని విజయనగర, నాయకరాజుల కాలమున తరలివచ్చిన తెలుగు కుటుంబములు, కోవిల్‌పట్టి మొదలు విరుదునగరు వరకు, ఇంట తెలుగును వీధిలో తమిళమును మాటలాడుచు నేటికిని బ్రదుకుచున్నవి. కోవిల్‌పట్టి చెంత ఇడైసెవల్ గ్రామమున తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలసవారి కథనే తమిళమున నవలలుగా వ్రాసి 1991లో సాహిత్య అకాడమీ బహుమానము నందెను. వానలు తక్కువ, గాలి పొడి. ఆ పొడితనమే అగ్గిపుల్లకును బాణసంచాకును అచ్చుపనికిని అనుకూలించి శివకాశిని పెంచినది. మనుష్యుని యొడలికి మాత్రమది మంట. ఆడిమాసపు పడమటిగాలి లేచినదా, రేగడిధూళి తలుపులు మూసిన గదిలోనికిని వచ్చును. విల్లిస్ క్యారియర్ 1902లో తన మొదటి శీతలయంత్రమును కల్పించినది బ్రూక్లిన్‌లోని యొక అచ్చుకూటము కొరకు, తేమకు కాగితము సాగి రంగులొకదానిపై నొకటి సరిగా పడనందున. కాగితము కొరకు పుట్టిన యంత్రము తుదకీ కాగితపు సీమలో పడకగదులకు చేరుట నాకు ముచ్చట గొల్పును.

ఈ యంత్రము చల్లదనమును పుట్టించునని యెల్లరు నందురు, పుట్టింపదు. రాగిగొట్టములలో తిరుగు గ్యాసు గదిలోని వేడిని గ్రహించి, కంప్రెసరు ఒత్తిడిచే మరింత వేడెక్కి, మేడమీది ఔట్‌డోర్ యూనిట్టున దానిని వీధిగాలికి విడిచి, మరల చల్లబడి లోనికి వచ్చును. వేడి తనంతట తాను చల్లనిచోటినుండి వెచ్చనిచోటికి పోదని క్లౌసియస్ పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున సూత్రీకరించెను. పంపవలెనన్న పని చేయవలెను, ఆ పనికి కూలి కరెంటుబిల్లు. గ్యాసుదారిని తలక్రిందులు చేయు వాల్వున్నచో నిదే యంత్రము బయటి వేడిని లోనికి తెచ్చును గనుక దీనికి హీట్ పంప్ అని పేరు. తిరుత్తంగలులో నా యక్కర కలుగువారరుదు.

ఇక ధూళి మాట. కరెంటు కట్టివేసి, ఇండోర్ యూనిట్టు మూత యెత్తి, ఫిల్టరు వలను వెలికి లాగి కిటికీ వెలుతురునకు పట్టి చూడుడు. ఆడిమాసము గడచిన గదిలోనిదైనచో దానిగుండ వెలుతురు రాదు. కన్నులన్నియు బూడిదవన్నె నూగుతో పూడి, అంచులను వెండ్రుకలును దారపుపోగులును చుట్టుకొని యుండును. బక్కెటులో ముంచగానే నీరు నల్లబడును. ఈ వల పూడిన గదిలో గాలి చాలినంత ఆడక, లోని రాగిచుట్టకు వేడి చేరక, చుట్ట సున్నడిగ్రీల క్రిందికి చల్లబడి మంచు గట్టును. మంచు గట్టినకొలది గాలి తగ్గును, గాలి తగ్గినకొలది మంచు హెచ్చును. చల్లగా రాలేదని గృహస్థుడు రిమోటుమీది అంకెను మరింత తగ్గించును. అది మంచునకే సాయము. అటుపిమ్మట, ఆవిరి కావలసిన గ్యాసు ద్రవముగనే తిరిగిపోయినచో, ఆవిరిని పీల్చుటయే గాని ద్రవమును త్రాగుట నేర్వని కంప్రెసరు చెడును.

ఇందు కారణమేది? గృహస్థుడు కడుగలేదు, నిజమే. ఆ కడుగకపోవుట మంచును కట్టినదా? శంకరుల సమాధాన మిక్కడ చక్కగా నతుకును: పూర్వము పోగైన దురితములే ఫలించుచున్నవి, నిత్యకర్మ మానుట వాని ఉనికికి గుర్తు మాత్రమే. ఇచట పోగైన ధూళియే దురితము, అది చేతికంటునట్టి భావపదార్థము. నైయాయికులు వేరుదారి పట్టిరి. ప్రతిబంధకము లేకుండుట కూడ కారణములలో నొకటియే యని వారి సిద్ధాంతము; అగ్ని యున్నను చంద్రకాంతమణి చెంత నున్నచో దహింపదు గనుక, దహనమునకు మణి లేకుండుటయు కావలెను. ధూళి లేకుండుట చల్లదనమునకు కారణమనుటలో నే మెకానిక్కును సందేహింపడు. నాకు తోచునదేమనగా, మనము ఊరక కూర్చుండినప్పుడు లోకము ఊరక కూర్చుండదు. గాలి తన పనిని, ధూళి తన పనిని, తుప్పు తన పనిని చేయుచునే యుండును. అకరణము మనవైపునుండి చూచినపుడే అభావము. నిత్యకర్మకు ఫలము కనబడకుండుటయు నిందువలననే. నిన్న యున్నట్లు నేడును ఉండుట ఎవరికంటికి ఫలముగ తోచును?

దోషమును వెదకుటలో మెకానిక్కులు మన తర్కమును తెలియకయే పాటించుచున్నారు. నాలుగు గదులును ఒక్కసారిగ చల్లబడుట మానినచో, దోషము అన్నింటికి ఉమ్మడియైన ఔట్‌డోర్ యూనిట్టులోనో గ్యాసులోనో కరెంటులోనో యుండును; ఒక్క గదియే యైనచో దాని ఫిల్టరులోనో ఫ్యానులోనో, దానికై యేర్పడిన వాల్వులోనో. అన్వయవ్యతిరేకములన నివియే. ఇట్టి యంత్రములకు ప్రత్యేకమైన రోగమొకటి కలదు. బిగించునాడు రెండు గదుల తీగలు తారుమారైనచో, ముందుగదిలో రిమోటు నొక్కినవాడు ఉక్కలో మ్రగ్గుచుండగా, ఎవరును లేని వెనుకగది చుట్ట మంచు గట్టును. చేసినదాని ఫలము నశించుట, చేయనిదాని ఫలము వచ్చిపడుట యను కృతనాశ, అకృతాభ్యాగమ దోషములు తమ సిద్ధాంతమున కంటకుండ దార్శనికులెంతయో శ్రమించిరి. ఇచట నవి రెండును ఒక పనివాని పరాకున జంటగా సంభవించును. పరీక్ష సులభము. మూడు గదులను కట్టివేసి యొక్కటే నడిపి, మేడపైకి పోయి యే గొట్టము చల్లబడునో చేతితో తడవి చూడవలెను. తరువాత మరియొక గది.

“గ్యాసు తగ్గింది మామా, నింపేస్తే సరిపోతుంది” అని పడుచు మెకానిక్కు చెప్పిన మాటను పెద్దవారు వెంటనే నమ్ముదురు. మూసిన గొట్టములలో గ్యాసు తిరుగునే గాని తరుగదు. తరిగినదన్నచో నెక్కడనో కారినదే. నట్లకీళ్లకు సబ్బునురుగు పూసి బుడగ లేచు చోటు కనిపెట్టక ఏటేట నింపించుకొనుట, తప్పు మానక ప్రాయశ్చిత్తము మాత్రము చేయించుకొనుటయే. కారిన గ్యాసు పోవునది ఆకాశమునకు: నూరేండ్ల లెక్కన, అదే తూకపు బొగ్గుపులుసు వాయువుకంటె ఆర్-32 సుమారు 675 రెట్లు, ఆర్-410ఏ సుమారు 2,088 రెట్లు భూమిని వేడెక్కించును. ప్రత్యవాయము కర్తకే తగులునని మీమాంస. ఈ దోషము వీధిలో గొడుగు పట్టుకొని పోవు బాటసారికిని తగులును.

ఇది దివ్యదేశము గనుక రామానుజుల మతమును విడువరాదు. నిత్యకర్మను దోషభయముచే గాక భగవదారాధనముగ చేయవలెనని వారి నిశ్చయము. కోవెలలో తిరుమంజనము, దీపము, తళిగ ఏనాటి కానాడు జరుగును. ఫలమేమని యడుగువారు లేరు. ఐనను వల కడుగుటను కైంకర్యమనుటకు నాకు నోరు రాదు. యంత్రము దైవము కాదు. ఆ గదిలో పండుకొను ముసలితల్లికి ఉక్క తీరవలెనని కడిగినచో మాత్రము, ఆ పేరు పెట్టుటలో తప్పులేదేమో.

మిగిలినది అధికారి, అనగా ఈ పని చేయవలసినవాడెవడను ప్రశ్న. ఏడాదికింతయని సొమ్ము కట్టి సర్వీసు ఒప్పందము చేసికొన్నవారు తమ ధర్మము తీరినదని తలతురు. జైమిని మీమాంసాసూత్రముల 6వ అధ్యాయమున దీనిని విచారించెను: యాగమునకు వ్రీహులు (వడ్లు) దొరకనిచో నీవారములతో (అడవివడ్లతో) నడుపుకొనవచ్చును గాని, యజమానునకు ప్రతినిధి లేడు. రాగిచుట్టను పంపుతో కడుగుట, డ్రైన్ పైపు నూది నీటిదారి తెరచుట, గ్యాసు ఒత్తిడి కొలుచుట, తీగలు బిగించుట మెకానిక్కు పని. ఎండలు ముదురకముందు, పంగుని మాసముననే అతనిని పిలుచుట మేలు. ఫిల్టరు వలను మాత్రము పక్షమున కొకసారి ఇంటివారే తీసి, చన్నీట కడిగి, నీడన నారవైచి, తడి పూర్తిగ పోయిన పిదప బిగింపవలెను. ఆడిగాలి దినములలో వారమున కొకసారియైనను ఎక్కువ కాదు. కొడుకుచేత చేయింపవచ్చునా యన్నచో, ఆ గాలిలో నిదురించువాడే గనుక చేయింపవచ్చునని నా యభిప్రాయము. శాస్త్రమును ఇంతకంటె గట్టిగ పట్టినచో తండ్రియు కడుగడు, కొడుకును కడుగడు.