పట్టా ఎవరిది? దారి ఎవరిది?

సింగిల్ లైను మీద పాసింజరు బండిలో తిరిగినవారికి ఈ అనుభవం కొత్త కాదు. ఏదో చిన్న స్టేషనులో బండిని లూప్ లైనులోకి మళ్లించి నిలబెడతారు. ఎక్స్‌ప్రెస్సు దుమ్ము రేపుకుంటూ దాటిపోయేదాకా మనం అక్కడే. ఎవరూ పెద్దగా కోపగించుకోరు. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంటారు. పట్టాలూ, రెండు బండ్లూ ఒకే యజమానివి. ఎవరు ఆగాలో చెప్పేవాడూ ఆ యజమాని మనిషే. కనుక అది ఇంటి వ్యవహారం.

బండి ఒకరిదీ, పట్టాలు మరొకరివీ అయితే? అప్పుడు ఎవరు ఎవరి కోసం ఆగాలన్నది నీతికి సంబంధించిన ప్రశ్న అవుతుంది. అమెరికాలో యాభై ఏళ్లకు పైగా నలుగుతున్నది ఈ ప్రశ్నే.

అక్కడ పట్టాలు చాలావరకు ప్రైవేటు గూడ్సు కంపెనీల సొత్తు. ఒకప్పుడు ప్రయాణికుల బండ్లను కూడా ఆ కంపెనీలే నడిపేవి. కార్లూ విమానాలూ పెరిగాక ఆ బండ్లు నష్టాలు తెచ్చాయి. ఇష్టం వచ్చినట్టు మానెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. చివరకు 1970లో చట్టం చేసి, 1971 మే 1 నుంచి ఆమ్‌ట్రాక్ అనే సంస్థకు ఆ భారం అప్పగించారు. కంపెనీల నెత్తిన బరువు దిగింది. బదులుగా తమ పట్టాల మీద ఆ బండ్లకు దారి ఇవ్వాలి. గూడ్సు కన్నా ప్రయాణికుల బండికే ముందు దారి అని 1973లో చట్టంలోకే ఎక్కించారు. ఆమ్‌ట్రాక్ సొంత పట్టాలు ముఖ్యంగా బోస్టన్, న్యూయార్క్, వాషింగ్టన్ నగరాల నడుమ ఉన్నవే. దాని బండ్లు తిరిగే దూరంలో సుమారు 70 శాతం పరాయి పట్టాల మీదే.

కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నా బండ్లు ఎందుకు ఆగుతాయి? మన సెక్షన్ కంట్రోలరు చేసే పని అక్కడ డిస్పాచరు చేస్తాడు. పరాయి పట్టాల మీద అతను సాధారణంగా ఆ పట్టాల యజమాని ఉద్యోగే. ఇంకొక కారణం గూడ్సు బండ్ల పొడుగు. మూడు కిలోమీటర్లు దాటిన గూడ్సులు కూడా అక్కడ నడుస్తున్నాయి. సింగిల్ లైను మీద రెండు బండ్లు ఎదురైతే, పక్క లైనులో పట్టని బండిని పక్కకు తియ్యడమెలా? పట్టేది పొట్టి బండే. కనుక చట్టం ఎవరి పక్షాన ఉన్నా తప్పుకొనేది ప్రయాణికులే. బండ్ల పొడుగు పెంచినవారు చట్టంలో ఒక్క అక్షరం దిద్దలేదు. దిద్దవలసిన అవసరమే రాలేదు.

కంపెనీల వాదన కొట్టిపారెయ్యదగ్గది కాదు. పట్టాలు వాళ్లవి, బాగోగులు చూసేదీ వాళ్లే. గూడ్సులో పోయే ధాన్యం కోసం, ఎరువుల కోసం కూడా ఎక్కడో ఎవరో ఎదురుచూస్తూనే ఉంటారు. ఆలస్యాలన్నిటికీ వాళ్లే కారణమూ కాదు. ఇంజన్లు చెడిపోతాయి, వరదలొస్తాయి. నా పొలం గట్టు మీద ఎవరి బండి ముందు పోవాలో చెప్పడానికి నువ్వెవరివని రైతు అడిగితే ఊరంతా తలూపదా?

తలూపేముందు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ దారి దానంగా ఇచ్చింది కాదు, బరువు దింపుకొన్నందుకు ఒప్పుకొన్న వెల. దిగిన బరువు ఒక్కనాడే దిగింది. వెల మాత్రం రోజూ, ప్రతి సిగ్నలు దగ్గరా, కొద్దికొద్దిగా చెల్లిస్తూ పోవాలి. ఇలాంటి అప్పు తీర్చడం కష్టం. ఒప్పుకొన్న తరం పోతుంది. తరవాతి తరానికి అది అప్పులా కాక అన్యాయపు సుంకంలా కనిపిస్తుంది.

మాట తప్పితే అడిగేదెవరు? ఆ ముందు దారి హక్కు అమలు కోసం కోర్టులో దావా వేసే అధికారం ప్రభుత్వ న్యాయశాఖది. అది 1979లో ఒక దావా వేసింది. రెండోది 2024లో, న్యూయార్క్ - న్యూఆర్లియన్స్ నడుమ తిరిగే క్రెసెంట్ బండి ఆలస్యాల మీద. మధ్యలో 45 ఏళ్లు. హక్కు ఒకరిదై, మీట ఇంకొకరి చేతిలో ఉంటే ఆ హక్కు మర్యాదగా మారిపోతుంది. మర్యాద అవతలివాడి తీరికను బట్టి ఉంటుంది.

2020లో ఖరారైన ఒక నియమం మాత్రం నాకు నచ్చింది. ప్రయాణికుల్లో కనీసం 80 శాతం మంది తాము దిగవలసిన చోట, వేళ దాటి 15 నిమిషాల్లోగా దిగాలి. రైలు చివరి స్టేషనుకు ఎప్పుడు చేరిందన్నది కాదు, మనుషులు ఎప్పుడు చేరారన్నది లెక్క. గూడ్సు ఆగితే కలిగే నష్టం కంపెనీ పద్దులో కనబడుతుంది. మూడు వందల మంది తలా రెండు గంటలు పోగొట్టుకుంటే ఏ పద్దులో రాస్తారు? కనబడని నష్టాన్ని లెక్కలోకి తెచ్చినప్పుడే న్యాయం మొదలవుతుంది.

ఈ ప్రశ్న మనకు దూరపుది కాదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ పాటుపడాలని 1956లో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేరింది. మన ఊరి బడిలో ఆ వసతి ఈ యేడు ఉంటుందా లేదా అన్న మీట మాత్రం మన చేతిలో లేదు. తరాలుగా ఇక్కడే ఉన్నా, దారి అడగడానికి మొహమాటపడతాం. ఒప్పుకొన్న మాటను గుర్తుచెయ్యడం దబాయింపు కాదు.

మరి మీట మన చేతిలో ఉన్నచోట? ఇంట్లో తెలుగే మాట్లాడినా అక్షరం నేర్చుకునే వీలు లేకపోయినవారు మన మధ్య ఎందరో ఉన్నారు. వాళ్ల పలుకు విని మన సభల్లో నవ్విన సందర్భాలు లేవా? తనకు దారి కావాలని అడిగేవాడు, తన వల్ల ఎవరు ఆగిపోయారో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాలి.