అంగములేడు – అంగి యొక్కడు

"రాజకీయములతో మనకేమి పని? అది భగవద్విషయము కాదు కదా!" అను మాట భక్తుల నోట తరచుగా వినబడును. ఈ మాటలో వైరాగ్యము కొంత, విసుగు కొంత కలసియున్నవి. కాని మన పెద్దలు ఈ విషయమును విడిచిపెట్టలేదు. అంపశయ్యపై పరుండిన భీష్మాచార్యులు శాంతిపర్వమున ధర్మరాజునకు రాజధర్మములను బోధించిరి. ఆనుశాసనిక పర్వమున శ్రీవిష్ణుసహస్రనామములను ఉపదేశించినదియు ఆ మహనీయుడే. సహస్రనామములను నిత్యము పారాయణము చేయువారు, ఆ నోటనే వెలువడిన రాజధర్మములను పరాయివిగా తలపనేల?

ముందు పదమును విచారింతము. "రాజకీయము" అనగా పాణినీయ రీతిని "రాజునకు సంబంధించినది" అని మాత్రమే అర్థము. అది ఎవరిదో ఈ పదము చెప్పును గాని, ఎందుకొరకో చెప్పదు. "నీతి" అట్లు కాదు. కొనిపోవుట అను అర్థము గల ధాతువునుండి పుట్టినందున, జనులను మేలైన చోటికి చేర్చునది నీతి యగుచున్నది. లేనిదానిని సంపాదించుట, సంపాదించినదానిని రక్షించుట, రక్షించినదానిని వృద్ధిపరచుట, వృద్ధియైనదానిని పాత్రులకు పంచుట అని దండనీతికి నాలుగు ప్రయోజనములను కౌటిల్యుడు చెప్పెను. పంచినగాని ఆ పని ముగియదు. గ్రీకు పండితుడు అరిస్టాటిల్ ఈ శాస్త్రమును "పోలిస్", అనగా పురము, అను మాటను ఆధారముగా గొని నిరూపించెను. ఒక భూభాగమున న్యాయసమ్మతమైన బలప్రయోగమునకు తానే అధికారిణినని చెప్పుకొని నిలుపుకొనునది రాజ్యమని జర్మనీ పండితుడు మాక్స్ వెబర్ 1919లో ఒక ఉపన్యాసమున నిర్వచించెను. మనవారు దండమనినది ఇట్టి బలమునే. అయితే ఆ దండమును పట్టినవాడు ఎవరికి లోబడియుండవలెను? మన శాస్త్రములకు ఇదియే ముఖ్యమైన ప్రశ్న.

శాంతిపర్వమున ఒక కథ కలదు. రాజు లేని కాలమున, పెద్దచేప చిన్నచేపను మ్రింగునట్లు బలవంతులు దుర్బలులను పీడించుచుండగా, జనులు బ్రహ్మను ఆశ్రయించిరి. బ్రహ్మ మనువును నియమింపగా ఆయన సంతోషింపలేదు. పాపమునకు వెరచుచున్నాననియు, రాజ్యపాలనము మిక్కిలి కష్టమనియు పలికెను. అంతట జనులు ధాన్యమున పదియవ పాలును, పశువులయందును బంగారమునందును ఏబదియవ పాలును ఇచ్చెదమని ఆయనను ఒప్పించిరి. కనుక పన్ను అనునది రక్షణకు ఇచ్చిన భృతియే గాని రాజునకు సొంత ఆస్తి కాదు.

స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రము అని రాజ్యమునకు అంగములు ఏడు. వీనిలో మూడింటిని మన సీమయందే కన్నులార చూడవచ్చును. బెంగుళూరు నుండి ఉత్తరముగా రైలులో వచ్చువారికి హిందూపురము, పెనుకొండ, ధర్మవరము వరుసగా ఎదురగును. అచటినుండి కదిరి, పాకాల మార్గమున తిరుపతికి పోవు యాత్రికులు ఈ ఊళ్ల పాఠమును గూడ విని ముందుకు సాగవలెను.

హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి చెప్పునది కోశమును గూర్చిన పాఠము. అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు అచటి వీరభద్రాలయమును కట్టించిరి. కోశాధికారియైన విరూపణ్ణ రాజాజ్ఞ లేకయే ధనమును వెచ్చించెనని అభియోగము రాగా, శిక్ష పడకమునుపే తన కన్నులను తానే పెరికికొనెనని ఐతిహ్యము. ఆ కథయందలి నిజమెంతయైనను, తరతరములుగా జనులు దానిని చెప్పుకొనుటకు కారణము కలదు. ఆ ధనము దుర్వినియోగము కాలేదు, దేవాలయముగానే నిలిచినది. అయినను లెక్క చెప్పవలసినదే. భక్తి పేరిటనైనను పదిమంది సొమ్మును ఇచ్చవచ్చినట్లు వాడరాదని ఆ కథ సారాంశము.

పెనుకొండ దుర్గాంగమునకు నిదర్శనము. విజయనగర ప్రభువులకు అది రెండవ రాజధాని. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున రామరాయలు హతుడైన పిమ్మట, ఆయన తమ్ముడు తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసికొనెను. అయితే విజయనగరమున కోటకు గాని కోశమునకు గాని కొరత యుండెనా? సుల్తానులను ఒకరిపై ఒకరిని ఉసికొల్పుచు వచ్చిన రామరాయల తంత్రము, తుదకు వారందరిని ఒకటి చేసినది. మిత్రాంగము సడలినప్పుడు దుర్గాంగము ఒక్కటియే రాజ్యమును నిలుపజాలదు.

ధర్మవరము చెరువు జనపదమును జ్ఞప్తికి తెచ్చును. క్రియాశక్తి ఒడయరు ఈ చెరువును త్రవ్వించి, తన తల్లి ధర్మాంబ పేర ఊరికి ధర్మవరమని పేరిడెనని స్థలైతిహ్యము. వానలు చాలని ఈ సీమలో చెరువే అన్నము. దేశము చిన్నదైనను చెరువులు, కాలువలు త్రవ్వించి, పేదరైతునకు పన్ను తగ్గించినచో ధర్మమును అర్థమును రెండును పెరుగునని శ్రీకృష్ణదేవరాయలవారు ఆముక్తమాల్యదయందు చెప్పిరి. కష్టములకు తాళలేక ప్రజలు వలసపోవునప్పుడు వారిని వెనుకకు పిలువక, వారి పశువులను ధాన్యమును అమ్ముకొనజూచు అధికారి కలిగిన రాజు, ఏడు ద్వీపములను గెలిచినను వృద్ధి పొందడని కూడ వ్రాసిరి. నేటికిని ఈ సీమనుండి బెంగుళూరునకు కూలికై పోవు కుటుంబములు కలవు. రాయలవారి మాటకు కాలదోషము పట్టలేదు.

ఇక స్వామి. ఏడంగములలో మొదటివాడైనను ఆయనయు అంగమే, అంగి కాడు. రాయలవారు ఈ రాజనీతిని ఎవరి నోట పలికించిరో గమనింపుడు. వాదమున గెలిచి రాజ్యమును పొందిన యామునాచార్యులను శ్రీరామమిశ్రులు సమీపించి, పితామహుడైన నాథమునులవారి నిధిని చూపెదనని శ్రీరంగమునకు రప్పించి, రంగనాథుని చూపిరి. అంతట యామునులు రాజ్యమును విడుచుచు కుమారునకు చేసిన ఉపదేశమే ఆ నాలుగవ ఆశ్వాసమందలి రాజనీతి. రాజ్యము తనది కాదని తెలిసికొనినవాని నోటనే రాజ్యము నడుపు విధము వెలువడినది.

ఆ నీతియందు మెత్తని మాటలే యున్నవని తలపరాదు. గూఢచారులను గూర్చియు, శత్రువులను అణచుటను గూర్చియు అచట కలదు. మరణశిక్ష పడినవానికి మూడుమారులు మొరపెట్టుకొను అవకాశమిమ్మని చెప్పిన చోటనే, విడిచినచో కీడు మూడునట్టివానిని వెంటనే దండింపుమనియు కలదు. దండమును చేతబట్టినవానికి పాపభయము తప్పదు. మనువు వెరచినది ఇందులకే. ఆ భయము తొలగిపోయిననాడు నీతియు తొలగిపోవును. ఆ భయమును భరించుటకు వైష్ణవులు కనుగొనిన ఉపాయము శేషత్వము. నేను శేషుడను, శేషి శ్రీమన్నారాయణుడు, ఈ పదవి కైంకర్యము అను తలపు. ఆరవీటి వేంకటపతిరాయలు తన శాసనముల చివర "శ్రీవేంకటేశ" అని వ్రాలుచేసెడివాడు. తన పేరు వ్రాయవలసిన చోట స్వామి పేరు వ్రాయుటలోని అర్థమిదియే.

1950 జనవరి 26 నుండి మనకు రాజులు లేరు. స్వామి స్థానము ప్రజలదైనది. అనగా మనువు వెరచిన ఆ భారములో కొంత ప్రతి గృహస్థుని తలపైకి వచ్చినది. ఓటును డబ్బునకు అమ్ముకొనువాడు తనది కాని సొత్తును అమ్ముచున్నాడు. ఊరి చెరువు పూడిపోవుచున్నను పలుకనివాడు జనపదమును విడిచినవాడగుచున్నాడు. లేపాక్షి కథ విని కన్నీరు పెట్టి, పంచాయతీ లెక్కను అడుగనివాడు ఆ కథను విననివానితో సమానుడు. తిరుమలకొండ నెక్కునప్పుడు గోవిందనామము నోట నుండుగాక; కొండ దిగి ఊరు చేరిన పిమ్మట ఆ ఊరి బాగును చూచుటయు ఆ గోవిందుని కైంకర్యమే.

ఏడంగములకును అంగియైన శ్రీనివాసుడు, పాలించువారికి పాపభీతిని, పాలింపబడువారికి మెలకువను అనుగ్రహించుగాక.