సేవలో మన బలమెక్కడిది?



ప్రసంగము చేయగలవాడు, కీర్తన పాడగలవాడు, లెక్కలు వ్రాయగలవాడు సంఘమునకు అవసరమే. ఆ వరములు ప్రభువు ఇచ్చినవే. అయితే సేవకుడు ఇచ్చినవానిని విడిచి వరమునే ఆనుకొనిన దినమున అతని సేవ ఎండిపోవును. కొరింథు సంఘము బోధకుల పేర పక్షములుగా చీలినప్పుడు, నాటువాడును నీళ్లు పోయువాడును పనివారే గాని పెంచువాడు దేవుడొక్కడే యని పౌలు వారికి నేర్పెను.

మన తెలుగుదేశములోనే దీనికి దృష్టాంతము కలదు. అమెరికా బాప్టిస్టులు 1836లో ఇచ్చట పని ఆరంభించిరి. ఏండ్లు గడచినను ఫలము బహు కొద్ది. 1853లో అక్కడి పెద్దలు ఈ మిషనును మూసివేయుదమా యని ఆలోచించిరి. 1854 జనవరి 1న తెల్లవారకముందే జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండయెక్కి, ఆ ఊరికి సేవకుని పంపుమని మోకరించి వేడుకొనిరి. క్లౌ దొరగారు ఈ దేశమునకు వచ్చినది 1865లో. 1867లో ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో ఏర్పడెను.

పిమ్మట ధాత కరువు వచ్చెను. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి కల్పించెను. ఆకలిగొన్న జనులు ఆయన చుట్టు ఉండిరి. సంఘపు లెక్క పెంచుకొనుటకు అంతకు మించిన అదను ఏది? అయినను ఆయన బాప్తిస్మములు ఆపివేసెను. గంజికొరకు వచ్చినవారెవరో, క్రీస్తుకొరకు వచ్చినవారెవరో తేలవలెను గదా! ఇక సహాయము లేదని చెప్పిన తరువాతను జనులు మరలిపోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. దొరగారు గట్టుననే ఉండిరి.

చూచితివా? దేవుని ఆనుకొనుట యనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. దొరగారు కాలువ కొలిచిరి, తెలుగు నేర్చిరి, కరువులో రేయింబవళ్లు కష్టపడిరి. కాని తన చేతిలోనున్న కూలితో ఆత్మలను కొనలేదు. మనకు శక్తి లేనప్పుడు దేవుని ఆనుకొనుట సులభము. వేరు దారి లేదు. శక్తి చేతినిండ ఉన్నప్పుడు ఆగి, ఆయన కొరకు కనిపెట్టుటయే కష్టము. విశ్వాసము అక్కడ తేలును.

కాబట్టి చదువరీ, నీవు బోధకుడవైతే నిన్ను నీవే అడిగి చూచుకొనుము: నా గొంతు, నా పలుకుబడి, నేను తెచ్చు సహాయము తీసివేసినచో ఈ జనులు క్రీస్తునొద్ద నిలుతురా? నీవు సంఘస్థుడవైతే నీ బోధకుని పొరుగూరి బోధకునితో తూచకుము; అతని కొరకు మోకరించుము. అక్షరములు కూడబలుకుకొని చదువు సహోదరి చెప్పు ఆదివారపు పాఠముతోనైనను దేవుడు పని చేయగలడు.

మన బలము ప్రభువు పాదములయొద్ద పెట్టుటకు ఆయన మనకు కృప చూపును గాక. ఆమేన్.