మూడడుగుల అంచనా

టోక్యో నుంచి ఒసాకా దాకా 515 కిలోమీటర్ల తొకాయ్‌దో షింకన్‌సెన్ 1964 అక్టోబర్ 1న మొదలైంది. ప్రపంచంలో మొదటి హైస్పీడ్ రైలు మార్గం అదే. జపాన్ పార్లమెంటు ఒప్పుకున్న అంచనా 20,000 కోట్ల యెన్ల లోపు. చివరికి అయిన ఖర్చు దాదాపు 38,000 కోట్లు. ఇంత పెద్ద పనుల్లో లెక్క తప్పడం మామూలే అనుకోవచ్చు గానీ, ఇక్కడ లెక్క తప్పలేదు, తప్పించారు. జాతీయ రైల్వే అధ్యక్షుడు షింజి సోగోకు అసలు ఖర్చు చాలా ఎక్కువవుతుందని ముందే తెలుసు. ఉన్నదున్నట్టు చెబితే పార్లమెంటు ఒప్పుకోదని, ఇంజనీర్లు వేసిన మొత్తాన్ని కోసి చూపించాడు. పైగా ప్రపంచ బ్యాంకు నుంచి 8 కోట్ల డాలర్ల అప్పు తెచ్చాడు. అవసరానికి ఆ డబ్బు చాలా తక్కువే, కానీ అంతర్జాతీయ ఒప్పందం మీద సంతకం పడ్డాక పనిని మధ్యలో ఆపడం ఏ ప్రభుత్వానికీ తేలిక కాదు. 1963లో అసలు ఖర్చు బయటపడ్డాక సోగో పదవి వదిలాడు. ఆ రైలుకు రూపమిచ్చిన చీఫ్ ఇంజనీరు హిదెయో షిమా కూడా వెంటే తప్పుకున్నాడు. ప్రారంభోత్సవంలో ఇద్దరూ లేరు. ఆ లైను మాత్రం కోట్లాది మందిని మోసింది, లాభాలు తెచ్చింది, ప్రపంచమంతా దాన్ని చూసి నేర్చుకుంది. మంచి పని జరగడానికి అవసరమైన అబద్ధం అబద్ధమేనా, అది ధర్మం ఖాతాలో పడుతుందా అన్నది ఇక్కడి ప్రశ్న.

మన పురాణాలు ఈ ప్రశ్నను వదిలిపెట్టలేదు. బలి చక్రవర్తి ఇచ్చిన మాట వెనక్కి తీసుకునేలా చేయడానికి శుక్రాచార్యుడు చెప్పిన నీతి తెలుగువాళ్లకు కంఠస్థమే: ప్రాణం, ధనం, మానం పోయేచోట బొంకినా పాపం లేదని. సోగోను సమర్థించేవాళ్లకు ఈ మినహాయింపుల జాబితా బాగా పనికొస్తుంది. కానీ ఆ కథలో ఇంకో సంగతి ఉంది, దాన్ని అంతగా పట్టించుకోం. అడగడానికి వచ్చినవాడు పొట్టివాడు, అడిగింది మూడడుగుల నేల. పెరగబోయే కొలత ఎంతో శుక్రుడు ధారపోయక ముందే చెప్పేశాడు: రెండడుగులకే లోకాలు అయిపోతాయి, మూడోదానికి చోటుండదు అని. (ఇంత కచ్చితమైన ఆడిట్ నివేదిక ఇచ్చినాయనకు చివరికి దక్కింది కంట్లో దర్భపోటు, ఆడిటర్ల గతి ఆనాటి నుంచీ అంతే.) బలి అన్నీ తెలిసే ఇచ్చాడు. అందుకే అది దానం. శుక్రుడు నోరు మూసుకుని ఉంటే, త్రివిక్రముడు అంతే పెరిగినా, బలి అంతే పోగొట్టుకున్నా, మనం దాన్ని దానమని కొలిచేవాళ్లం కాదు. జపాన్ పార్లమెంటు చేతుల మీదుగా సోగో ధారపోయించాడు, శుక్రుణ్ని మాత్రం గదిలోకి రానివ్వలేదు.

ఫలితం మంచిదైనప్పుడు ఇదంతా చాదస్తం కాదా అని అడగొచ్చు. ఆ వాదన నిలవాలంటే జరిగిన నష్టమంతా డబ్బే అయి ఉండాలి. నిర్మాణ అంచనా జోస్యం కాదు, తూకపు రాయి. దాన్ని ఒక పక్క పెట్టి, అదే సొమ్ముతో కట్టగల మరో లైనును, ఆసుపత్రిని, నీటి పథకాన్ని రెండో పక్క పెట్టి ప్రజలు ఎంచుకుంటారు. రాయి తేలికైతే ఓడిపోయేది రెండో పక్కనున్నది. కట్టని వాటికి ఫొటోలుండవు, ప్రయాణికులుండరు. అందుకే తొకాయ్‌దో విజయాన్ని లెక్కపెట్టగలం గానీ అది గెలిచిన పోటీలో ఏం పోయిందో లెక్కపెట్టలేం. డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లివ్‌బ్యెర్గ్, సహచరులు 2002లో 258 రవాణా ప్రాజెక్టుల లెక్కలు పక్కపక్కన పెట్టి చూశారు. రైలు పనుల్లో ఖర్చు అంచనాను సగటున 45 శాతం దాటింది, పైగా డెబ్భై ఏళ్లలో ఈ జబ్బు తగ్గలేదు. ఇలాంటి తూకంలో గెలిచేది మంచి ప్రాజెక్టు కాదు, చక్కని అంకె. హైదరాబాద్ మెట్రోకు 2008లో జరిగిన టెండర్లు గుర్తుచేసుకోవచ్చు. మిగతా వాళ్లు గ్రాంటు అడిగితే, మైటాస్ సంస్థ తానే ప్రభుత్వానికి ఎదురు 30,311 కోట్లు ఇస్తానని గెలిచింది. ఆ లెక్క వెనక ఉన్నది రైలు కాదు, భూముల విలువ అని అప్పటి ఢిల్లీ మెట్రో అధిపతి ఇ. శ్రీధరన్ హెచ్చరిస్తే రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీదే మండిపడింది. 2009లో మైటాస్ వెనకున్నవాళ్లదే అయిన సత్యం కంపెనీ కుంభకోణంతో ఆ ఒప్పందం కూలింది. తర్వాత వచ్చిన ఎల్ అండ్ టీకి 1,458 కోట్ల గ్రాంటు ఒప్పుకోవలసి వచ్చింది.

తప్పుడు అంచనాలన్నీ అబద్ధాలు కావన్న అభ్యంతరం మాత్రం బలమైనది. కొండ లోపల ఏముందో తవ్వితే గానీ తెలియదు. 272 కిలోమీటర్ల ఉధంపూర్–శ్రీనగర్–బారాముల్లా లైనుకు 43,780 కోట్లు అయ్యాయి. హిమాలయాల్లాంటి పచ్చి కొండల్లో సొరంగాలు తవ్వే లెక్కను చదును నేల మీద పట్టాల లెక్కతో కిలోమీటరుకింత అని పోల్చడం అన్యాయమే. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎవరూ అబద్ధం ఆడకపోయినా, వంద నిజాయితీ అంచనాల్లో పొరపాటున తక్కువ వచ్చినవే మంజూరవుతాయి, ఎక్కువ వచ్చినవి ఫైళ్లలోనే ఆగిపోతాయి. కాబట్టి కట్టినవన్నీ అంచనా దాటినట్టే కనిపిస్తాయి. ఇది నిజమే. కానీ ఈ వాలు ఎటుందో తెలిసిపోయాక దాన్ని సరిదిద్దకుండా పాత అంకెనే మళ్లీ సభ ముందు పెట్టడం అజ్ఞానం కిందికి రాదు. తెలియకపోవడానికీ తెలుసుకోకుండా జాగ్రత్తపడడానికీ మధ్య తేడాను ఏ ధర్మశాస్త్రమైనా పాటిస్తుంది. ఆర్థికవేత్త ఆల్బర్ట్ హర్ష్‌మన్ 1967లో చెప్పిన వాదం ఇక్కడే బలహీనపడుతుంది. కష్టాలు ముందే కనపడితే మనిషి ఏ పెద్ద పనికీ దిగడు, వాటిని దాచే అదృశ్య హస్తమే మేలు చేస్తుందని ఆయన అన్నాడు. అందరికీ సమానంగా తెలియనప్పుడు ఆ మాటలో అందముంది. సోగో విషయంలో దాచిన చెయ్యి అదృశ్యమైనది కాదు, ఒక కార్యాలయంలోది.

సోగో పదవి వదిలి మూల్యం చెల్లించాడు కదా అంటారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. సొంత జేబు కోసం అంకె కోసినవాడు కాదు. అయినా రాజీనామా తీర్చే అప్పు వేరు, ఆయన చేసిన అప్పు వేరు. సమ్మతి ఇచ్చినవాళ్లకు తాము దేనికి సమ్మతించారో ఆ తర్వాత తెలిసింది, అప్పటికి కాదనే దారి మూసుకుపోయింది. బ్రిటన్ హెచ్‌ఎస్2 లైనులో ఇదే ఇంకా వికారంగా బయటపడింది: 2012లో సుమారు 3,300 కోట్ల పౌండ్లన్నది 2020 సమీక్షలో 10,600 కోట్ల దాకా పోవచ్చని తేలింది, 2023లో బర్మింగ్‌హామ్ నుంచి మాంచెస్టర్ దాకా వెళ్లాల్సిన భాగాన్నే కొట్టేశారు. జనం ఒప్పుకున్నది ఒక రైలుకు, దక్కుతున్నది ఇంకో రైలు.

నిజం చెబితే ఏదీ కట్టలేమన్న మాటకు స్విట్జర్లాండ్‌లో జవాబుంది. ఆల్ప్స్ కింద సొరంగాలకు 1992లో అక్కడి ప్రజలు ఓటు వేశారు. తర్వాత లెక్కలు పెరిగితే పనిని తిరిగి మలిచి, రైల్వేల ఆధునికీకరణ అంతటికీ కలిపి సుమారు 3,000 కోట్ల ఫ్రాంకుల నిధితో 1998లో మళ్లీ వాళ్ల ముందుకే తెచ్చారు. భారీ లారీల మీద వేసే పన్నుకు కూడా అదే ఏడాది విడిగా ఓటు అడిగారు. మూడుసార్లూ అవునన్నారు. 57 కిలోమీటర్ల గోట్‌హార్డ్ సొరంగం 2016లో తెరుచుకుంది. దానికీ మొదట అనుకున్నదానికన్నా ఎక్కువే అయింది.