ఏరుకున్న బియ్యమూ మఠాల బీరూ

మత్తు కలిగించే పానీయాన్ని తయారుచేసే పని ఆరాధన కాగలదా అనే ప్రశ్న బెల్జియం బీర్ల విషయంలో తప్పించుకోలేనిది. ఎందుకంటే ఆ దేశపు బ్రాసరీలలో, అంటే భోజనంతోపాటు పలు రకాల బీర్లు వడ్డించే శాలల్లో, మిక్కిలి గౌరవం పొందే సీసాలు కొన్ని నేరుగా క్రైస్తవ సన్యాసుల మఠాల నుండి వస్తాయి. ఈ సన్యాసులను ట్రాపిస్టులు అంటారు. 17వ శతాబ్దంలో ఫ్రాన్సులోని లా ట్రాప్ మఠంలో మొదలైన కఠిన నియమాన్ని వారు పాటిస్తారు. వెస్ట్‌మాల్, వెస్ట్‌వ్లేటరెన్, షిమే, ఓర్వాల్, రోష్‌ఫోర్ అనేవి వారి మఠాల్లో పేరుపొందినవి. ఇదే ప్రశ్నకు పనికివచ్చే ఒక సమాధానం 12వ శతాబ్దపు కన్నడ శివభక్తులైన శివశరణుల జీవితాల్లో ఉంది. ఆ సమాధానం చెప్పిన దంపతులు నేటి కర్ణాటకలోని రాయచూరు జిల్లాకు చెందినవారు.

ట్రాపిస్టుల నియమానికి మూలం 6వ శతాబ్దపు సెయింట్ బెనెడిక్టు రాసిన మఠనియమావళి. సన్యాసులు తమ చేతిపనితోనే బతికినప్పుడు నిజమైన సన్యాసులవుతారని దాని 48వ అధ్యాయం చెబుతుండగా, 40వ అధ్యాయం వైన్ సన్యాసులకు తగనిదే అయినా వారిని ఒప్పించడం కష్టం కనుక మితంగానైనా తాగాలని కొంత అయిష్టంగానే అనుమతిస్తుంది. 1997లో ఈ మఠాలు ఏర్పరచుకున్న సంఘం తన గుర్తు వేయడానికి పెట్టిన షరతులు కూడా ఈ ఆలోచనకు అనుగుణంగానే ఉన్నాయి: బీరును మఠం ఆవరణలోనే, సన్యాసుల పర్యవేక్షణలోనే కాయాలి, వచ్చిన రాబడి వారి పోషణకూ దానధర్మాలకూ పోవాలి. వెస్ట్‌వ్లేటరెన్ సన్యాసులు 1838 నుండి బీరు కాస్తున్నారు. వారి బీరుకు ప్రపంచమంతటా గిరాకీ ఉన్నా, తమ జీవనానికి అవసరమైనంతకు మించి కాయకూడదని నిర్ణయించుకున్నారు. సరుకు అమ్ముడుపోతుందని తెలిసీ కావాలని తక్కువ చేయడం వ్యాపారశాస్త్రం హర్షించే పని కాదు గాని, ధర్మశాస్త్రం దృష్టిలో అది చాలా పెద్ద విషయం.

ఈ విషయాన్ని లింగసుగూరు తాలూకా అమరేశ్వరానికి చెందినవారిగా సంప్రదాయం చెప్పే ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మరింత లోతుగా చూపుతుంది. బసవన్న నాయకత్వంలో శరణులు చేరిన కల్యాణ నగరంలో నేలరాలిన బియ్యపు గింజలను ఏరుకొచ్చి, వండి, జంగములకు, అంటే సంచార శివయోగులకు, పెట్టి తామూ తినడమే మారయ్య కాయకం. కాయకం అంటే జీవనం కోసం శ్రద్ధతో చేసే శ్రమ. దాని ఫలాన్ని సమాజానికి అర్పించడం దాసోహం. పనే కైలాసమనే భావం ఈ మారయ్య వచనాల్లోనే కనిపిస్తుంది. ఒకనాడు ఆయన రోజూ తెచ్చేదానికన్నా ఎక్కువ బియ్యం తెస్తే, ఆశ రాజులకు ఉండవచ్చు గాని శివభక్తులకు తగదని మందలించి, ఆ మిగులును ఎక్కడ దొరికిందో అక్కడే పోసి రమ్మని లక్కమ్మ భర్తను తిప్పిపంపింది. దానం చేయడానికే అయినా అవసరానికి మించి తేవడం ఆమెకు దోషంగానే తోచింది. మంచి పని కోసం అధికంగా సంపాదించవచ్చుననే వాదనకు ఇంతకన్నా గట్టి జవాబు దొరకడం కష్టం.

అయితే బియ్యం వేరు, బీరు వేరు. ఈ తేడా శరణులకు ఎదురుకాలేదని అనుకోనక్కర లేదు. వారిలో హెండద మారయ్య అనే కల్లు అమ్మేవాడు కూడా ఉన్నాడు, వృత్తి కారణంగా అతడిని శరణుల సమూహం వెలివేయలేదు. తెలుగు పల్లెల్లో ఎల్లమ్మకు కల్లు సాక పోసే ఆచారం, అంటే దేవత ముందు కల్లు ధారగా వంపే మొక్కు, ఈ ద్రవాన్ని అశుద్ధంగా చూడదు.

బలమైన అభ్యంతరం బౌద్ధం నుండి వస్తుంది. అశోకుడి పేరును స్పష్టంగా ప్రకటించి, అతడు బుద్ధుడి అనుయాయి అని చెప్పే శిలాశాసనం 1915లో ఆ దంపతుల రాయచూరు జిల్లాలోనే, మస్కిలో బయటపడింది; ఆ చక్రవర్తి స్వీకరించిన ధర్మం ఉపాసకుడు చేయకూడని అయిదు వ్యాపారాల్లో మద్యాన్నీ చేర్చింది. ఇక్కడ ప్రశ్న తయారుచేసేవాడి దురాశ గురించి కాదు, తాగేవాడి ఏమరుపాటు గురించి. కాచేవాడు ఎంత నిస్వార్థుడైనా తాగినవాడి మనస్సు మసకబారక మానదు. వెస్ట్‌మాల్ మఠం చాలాకాలం ప్రధానంగా తన సన్యాసుల కోసం కాచిన ఎక్స్‌ట్రా అనే బీరులో ఆల్కహాలు 4.8 శాతం, లోకానికి అమ్మే ట్రిపెల్‌లో 9.5 శాతం. తమకు పలచనిది ఉంచుకుని ఇతరులకు ఘాటైనది అమ్మడాన్ని లక్కమ్మ నీతి సమర్థించగలదా అన్నది ఆ మఠాలను గౌరవించేవారు కూడా అడగవలసిన ప్రశ్న. బార్లలో స్పిరిట్లు, అంటే బట్టీలో కాచి దించిన ఘాటు మద్యాలు, అమ్మకూడదని బెల్జియం 1919లో చేసిన చట్టం వల్ల ఘాటైన బీర్లకు గిరాకీ పెరిగిందన్న చరిత్ర కారణాన్ని చెబుతుంది గాని సమాధానం ఇవ్వదు.

బీరుకు మఠాలు తామే పెట్టుకున్న హద్దు లాంటిదాన్ని కల్లుకు ఒకప్పుడు ప్రకృతే పెట్టింది. చెట్టు ఇచ్చేది కొద్ది, రాత్రి కుండలో దిగిన రసం గంటల్లోనే పులుస్తుంది, నిలవ ఉంచితే పనికిరాదు. రాయచూరు ప్రాంతంలోనూ తెలంగాణలోనూ అధికారులు పట్టుకుంటూ వచ్చిన సీహెచ్ పౌడర్, అంటే నిద్ర కలిగించే క్లోరల్ హైడ్రేటు, ఆ హద్దును చెరిపేసింది. చెట్టుతో నిమిత్తం లేకుండా ఎంత కావాలంటే అంత మత్తు తయారైంది. కర్ణాటక 2007లో సారాను నిషేధించినా లైసెన్సు మద్యం మిగిలింది కనుక, 2019 జనవరిలో పూర్తి నిషేధం కోరుతూ చిత్రదుర్గం నుండి బెంగళూరుకు నడిచిన వేలాది గ్రామీణ స్త్రీలలో రాయచూరు జిల్లావారూ ఉన్నారు. వారి వాదన లక్కమ్మ వాదనకు దగ్గరది, మఠాల వాదనకు దూరమైనది. ఎంత చాలో మఠంలో కాచేవాడు నిర్ణయిస్తాడు, అంగడిలో తాగేవాడు నిర్ణయిస్తాడు, ఆబ్కారీ శాఖలో ఖజానా నిర్ణయిస్తుంది. లక్కమ్మ కథలో మాత్రం ఆ నిర్ణయం పొయ్యి వెలిగించి ఇంటిని నడిపే మనిషిది, ఆమె మాటకు భర్త మారు చెప్పకుండా బియ్యం తిరిగి పోసి వచ్చాడు.