బురదలో దాగిన చేప

(మత్తయి 12:43–45 చదువుడి)



మన తెలంగాణ పల్లెలలో చేపపిల్లలను విడుచుటకు ముందు కుంటను శుద్ధిచేయుదురు. వల లాగినంత మాత్రమున పని తీరదు. కొర్రమీను, మార్పు గాలి పీల్చునవి గనుక నీరు తగ్గినను బురదలో దాగి బ్రదుకును. అవి మిగిలినయెడల బొచ్చె, రోహు పిల్లలను మ్రింగివేయును. అందుచేత ఎకరమునకు సుమారు 1,000 కిలోల ఇప్ప చెక్క చల్లుదురు. దాని విషము ఆ చేపలను చంపును. రెండు మూడు వారములకు విషము విరిగి, అదే చెక్క కుంటకు ఎరువగును. అటుతరువాతనే క్రొత్త పిల్లలను విడుతురు.

ఉజ్జీవ కూటములలో మనమును వల లాగుదుము. త్రాగుడు, జూదము పైకి వచ్చును, ఇంటివారు సంతోషింతురు. అయితే లాలాగూడ రైలు కార్ఖానా పనికి వచ్చిన అన్నకును, ఊరిలో నిలిచిన తమ్మునికిని మధ్యనున్న గట్టు తగవు అడుగు బురదలోనే యుండును. ప్రభువు బల్లయొద్దకు అదియు మనతో వచ్చును. విన్న ప్రతి వాక్యమును మ్రింగునది అదే.

శుద్ధిచేసి ఊరకుండుటయు అపాయమే. ఖాళీ కుంటలోనికి వాన కాలువల వెంట పనికిరాని చేపలు మరల చేరును. ఊడ్చిన ఖాళీ యింటిని గూర్చి ప్రభువు చేసిన హెచ్చరిక ఇదియే.

కావున సంస్కారమునకు ముందు మీ సహోదరుని గడప త్రొక్కుడి. పిమ్మట దినదినము వాక్యముతోను, కుటుంబ ప్రార్థనతోను హృదయమును నింపుకొనుడి. ఆమేన్.