గిలకమీది బొటనవ్రేలు

బావిలో చేద వేసిన వారి కందఱికిని తెలిసిన సంగతి యొకటి కలదు. చేద నీటిని తాకిన తరువాత గూడ గిలక క్షణకాలము తిరుగుచునే యుండును. ఆ క్షణమున త్రాటిని చేతితో అదిమి పట్టనిచో అది సడలి, గాడి తప్పి, ఇరుసున చిక్కుకొనును. బావులును గిలకలును మన యిండ్లనుండి చాలవఱకు తొలగిపోయినవి గాని, మల్టిప్లయర్ రీలు అను గాలపు యంత్రమును నేర్వబూనిన వానికి తొలిపాఠము ఆ గిలకయొద్దనే యున్నది. ఇది వేడుకపాటి విద్య. దీనినిబట్టి ధర్మవిచారము చేయుట హాస్యాస్పదమని కొందఱనవచ్చును. నేనును మొదట అట్లే తలచితిని.

ఈ యంత్రమున దారము చుట్టిన కండె కఱ్ఱకు అడ్డముగా అమర్పబడి యుండును. పిడిని ఒక్కసారి త్రిప్పిన కండె నాలుగైదు చుట్లు, నేటి రీలులలో ఆఱేడు చుట్లు తిరుగును. అట్లు గుణించి త్రిప్పునది గనుకనే దానికి ఆ పేరు. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ల అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున జార్జి స్నైడర్ అను గడియారముల పనివాడు చేసిన రీలులు దీనికి ప్రసిద్ధి తెచ్చినవి. ఈ రీలులకు తరువాతి కాలమున పేరొందిన స్వీడను దేశపు ఆబూ సంస్థయు 1921లో గడియారముల కర్మాగారముగా పుట్టినదే. పండ్లచక్రములను సన్నముగా కోయనేర్చిన చేతులే దీనిని తీర్చిదిద్దినవి.

విసరునప్పుడు కండె మహావేగమున తిరుగును. గాలి తాకిడికి ఎర వేగము తగ్గును. కండె వేగము తగ్గదు. ముందుకు పోవలసిన దారము పోజాలక కండెమీదనే యుబ్బి కాకిగూడువలె అల్లుకొనును. దీనిని వారించుటకు అయస్కాంతములును, వేగము హెచ్చినకొలది వెలుపలికి జరిగి రాచుకొను చిన్న దిమ్మెలును అమర్చిరి. వ్రేలాడు ఎర మెల్లగా దిగి నేలను తాకగనే కండె ఆగునట్లు ప్రక్కనున్న మరను సరిచూచుకొనవలెను. ఇవి యన్నియు నున్నను కడపటి భారము బొటనవ్రేలిదే. గట్టిగా నొక్కిన ఎర కాళ్లముందే పడును, వదలివేసిన చిక్కుపడును. కోడియీకతో తాకినట్లు తాకుచు, ఎర నీటిని ముట్టు క్షణమున పూర్తిగా అదుమవలెను.

తాడేపల్లిగూడెము చెంత వరి కోసిన చేనిలో, గాలము లేని సీసపుగుండు కట్టి, నేను ఈ సాధన చేసితిని. మొదటి వారమున విసరిన కాలముకంటె చిక్కులు విప్పిన కాలమే యెక్కువ. పశువుల కాచు పిల్లలు గట్టుమీద చేరి, "అయ్యగారు నేలమీద చేపలు పడుతున్నారర్రా!" అని కేకలు వేసిరి. వారి నవ్వు నాకు కొంత మేలు చేసినది. చూచువారున్నప్పుడు తొందర పుట్టును, తొందరవలన చిక్కు పుట్టును, చిక్కువలన ఓర్పు పుట్టును. మూడవ వారమునకు ఇరువదియైదు గజముల దూరమున పెట్టిన తాటాకు బుట్టలో గుండు పదింట ఆఱుసార్లు పడసాగెను.

ఇచ్చటనే నాకు శంక పుట్టినది. చిక్కులు పడు దినములలో గుండు ఎచట పడిన నేమి? తుమ్మకొమ్మకు తగిలినను, ఎవరి పంచెకు చుట్టుకొనినను, "క్రొత్తవాడను, మన్నింపు" డనిన చెల్లెడిది. గుఱి కుదిరిన తరువాత ఆ సాకు నన్ను విడిచిపోయినది. చెప్పినచోట వేయగలవాడు ఇక వేసినచోటికెల్ల ఉత్తరవాది కావలెను గదా!

కొల్లేటి ప్రాంతపు మురుగుకోడులలో ఇట్టి గాలమున కెదురు వచ్చు చేపలలో కొఱ్ఱమీను ముఖ్యము. ఇది నీటిపైకి వచ్చి గాలి మ్రింగు జాతి. అందుచేతనే సంతలో కొలదినీటి కుండలో గూడ చాలసేపు బ్రదికి యుండును. వానకాలమున కలుపు నడుమ చోటు చేసికొని గ్రుడ్లు పెట్టును. పొదిగిన పిల్లలు ఎఱ్ఱగా గుంపుగట్టి నీటిపైన మరకవలె కదలుచుండగా, తల్లిదండ్రులు వానిక్రిందనే యుండి కాచును. వేడుకకు వేటాడువారు వెదకునది ఆ మరకనే. దానిమీదుగా రబ్బరుకప్పను విసరి లాగినచో, కాపుకాయు చేప తప్పక కొట్టును.

ఏలూరికి దక్షిణముగా ఒక కోడు గట్టున విసురువల ఆరబెట్టుకొనుచున్న వృద్ధజాలరి నా కప్పను చేతబట్టి త్రిప్పిచూచెను.

"దీన్ని అది తింటాదాండి బాబుగారూ?"

"తినడానికి కాదు తాతా. పిల్లల మీదికొచ్చిందని కొడుతుంది."

"అయితే ఆకలికి రాదన్నమాటండి. కోపానికొస్తాదన్నమాట."

అంతకుమించి యాతడేమియు ననలేదు. బీడీ వెలిగించుకొని వలను చూచుకొనెను.

భాగవతము ఏకాదశస్కంధమున అవధూత యదుమహారాజునకు తన యిరువదినలుగురు గురువులను పేర్కొనును. అందు చేప యొక గురువు: జిహ్వాచాపల్యమున గాలమునకు చిక్కి నశించునది. పావురము మఱియొక గురువు: వలలో పడిన పిల్లలను విడువజాలక తానును వలలో పడునది. మన కొఱ్ఱమీను గాలమునకు చిక్కిన చేపయే గాని, చచ్చునది పావురపు చావు. నాలుకకు లోబడినవారిని నిందింపవచ్చును. పిల్లలను కాచినదానిని ఏమని నిందింతుము? బాణములు చేయువాడును ఆ పట్టికలో గురువే. రాజు ప్రక్కనుండి పోయినను ఎఱుగనంతటి ఏకాగ్రత యాతనిది. కండెమీద వ్రేలుంచినవాని తదేకధ్యాసయు అట్టిదే. పావురమునకు మోహము తగదని బోధ కలదు, శరకారుని నిష్ఠకు ప్రశంస కలదు. పావురముల కుటుంబమును పట్టుకొనిన వేటకాడు మాత్రము పని నెఱవేఱినదని ఇంటికి పోవును. పాఠములన్నియు చచ్చువారికే చెప్పి చంపువానిని ప్రశ్నింపకుండుట మన యిండ్లలో గూడ పాత యలవాటు. మోసపోయిన బాలికకు నీతులు చెప్పి మోసగించినవానికి పీట వేయువారము మనమే గదా.

"పట్టి విడిచిపెట్టెదము, చంపము" అనువారు కలరు. చేప గట్టుమీద నున్న ఆ కొలది నిమిషములు గుంపునకు కాపు లేదు. చుట్టునున్న యితరమత్స్యములు వేచియుండవు. మఱికొందఱు, "కొల్లేటినే గట్లు పోసి చెఱువులుగా కోసికొన్నవారుండగా నీ యొక్క గాలము లెక్కయా?" అందురు. ఈ మాటలో పస కలదు. 1999లో అయిదవ కాంటూరు వఱకు అభయారణ్యమని ప్రకటించి, 2002లో రామ్‌సార్ పట్టికకెక్కించి, 2006లో గట్లు తెగగొట్టించిన తరువాత గూడ ఆ సరస్సు వ్యాజ్యము ముగియలేదు. ఒక గట్టు చేసిన చెఱుపు వేయి గాలములు చేయజాలవు. కాని ఆ గట్టు నాది కాదు; ఈ వ్రేలు నాది. జీవహింసయే పాపమను మిత్రులతో నేను వాదింపను; వారు జాలరిని గూడ నాతోపాటు బోనున నిలిపెదరు, అది నాకు సమ్మతము కాదు. వాని వల పొట్టకొఱకు, నా రీలు ప్రొద్దుపుచ్చుటకొఱకు.

నాటి సాయంకాలము ఆ కోడులోనే ఎఱ్ఱని మరక కనబడినది. దూరము ఇరువదియైదు గజములు, గాలి వెనుకనుండి. తాటాకు బుట్టకంటె సులువు. ఎరను అవతలి గట్టుప్రక్క ఖాళీనీటిలోనికి వేసితిని. ఏదియు తగులలేదు. ఇంటికి వచ్చునప్పుడు ఏలూరి బజారులో కొఱ్ఱమీను కొని తెచ్చితిని. పులుసు బాగుగానే యుండినది. అది ఏ గుంపును కాయుచుండగా పట్టుపడినదో అమ్మినామెను నేనడుగలేదు. అడుగవలసియుండెనా యని నా భార్య భోజనమువేళ ప్రశ్నించినది. ఇంకను బదులు చెప్పలేదు.